డెక్ మీద నీళ్లు చల్లిన సాయంత్రం

ముప్పై మూడేళ్లకే రిటైర్ అయ్యానంటే మా గల్లీలో అందరూ నవ్వారు. రిటైర్మెంటు అంటే తెల్లజుట్టు, శాలువా, పూలదండ ఉండాలి కదా. నాకు అవేవీ లేవు. మెడికల్ పరీక్ష చేసే డాక్టరు ఎడమ చెయ్యి పైకెత్తమన్నాడు. అది చెవి దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ ఎత్తమన్నాడు. మళ్లీ అక్కడే ఆగింది. ఆయన కాగితం మీద ఏదో రాసి, "ఇంక ఓడ వద్దమ్మా" అన్నాడు. తొమ్మిదేళ్లు పరుపులు ఎత్తి దించిన భుజం అది. దాని తప్పేమీ లేదు.

మాది చిక్కడపల్లి. నేను చదివింది ఇంటర్ వరకే. అందులోనూ ఇంగ్లిష్ రెండోసారి రాస్తే పాసయ్యాను. తర్వాత నారాయణగూడలో ఆరు నెలల హౌస్‌కీపింగ్ కోర్సు చేసి ఓడ ఎక్కాను. ఇప్పుడు అదే ఇన్‌స్టిట్యూట్‌లో, అదే రూములో పక్క వేయడం నేర్పుతున్నాను. ఓడ ఎక్కబోయే ఆడపిల్లలు "అక్కా, అసలు అక్కడ ఎట్లుంటదో మాకు రాసియ్యి" అని వెంటపడ్డారు. అందుకే రాస్తున్నాను.

ఏ ఏడు ఏ ఓడ, ఎప్పుడు ఏ బ్యాడ్జీ ఇచ్చారు, అవన్నీ రాయను. అవి మీకూ వస్తాయి, మీరే చూసుకుంటారు. నేను రాసేది ఒక పని గురించి, ఆ పనిలో నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పుకు నా బదులు ఇంటికి పోయిన మనిషి గురించి. ఆయన పేరు అప్పారావు.

ఆరుబయట పక్కలు

మా ఓడలో అన్నిటికంటే పై డెక్ మీద, వెనక వైపు, ఎనిమిది పెద్ద మంచాలు ఉండేవి. డెక్ అంటే ఓడకు డాబా అనుకోండి. పైన కప్పు ఉండదు, చుట్టూ రెయిలింగు, కింద టేకు చెక్కల నేల. గదిలో ఏసీ ఉన్నా, అద్దాల కిటికీ ఉన్నా, కొందరు గెస్టులకు ఒక్క రాత్రయినా చుక్కల కింద పడుకోవాలని ఉంటుంది. వాళ్లు పొద్దున పేరు రాయించుకుంటారు. సాయంత్రం వాళ్లకు పక్కలు వేసేది నేను, తెల్లవారి తీసేది నేను.

మొదటిసారి ఫోన్లో చెబితే అమ్మ నమ్మలేదు.

"గంత పెద్ద ఓడల రూములుండంగ డాబా మీద పండుకుంటరా? ఏందే, వాళ్లకు గూడ కరెంటు పోతదా?"

"పోదమ్మా. వాళ్లకు సరదా."

"గా సరదా మాకు ఎండాకాలం రోజూ ఉంటది. ఓడెందుకు, చిక్కడపల్లి రమ్మను."

వినడానికి హాయిగానే ఉంటుంది. పని మాత్రం హాయి కాదు. గాలి ఎటు నుంచి వస్తోందో చూడకుండా దుప్పటి విప్పితే అది సముద్రంలోకి పోతుంది. నావి రెండు పోయాయి. ఒక దిండు కూడా పోయింది. అది నీళ్ల మీద తెల్లగా తేలుతూ చాలాసేపు కనిపించింది, నాకు ఏడుపొచ్చింది. గాలి తిరిగితే పొగగొట్టం మసి దుప్పటి మీద చుక్కలు చుక్కలుగా పడుతుంది. చేత్తో దులిపితే అంటుకుంటుంది. నోటితో ఊదాలి. ఎనిమిది పక్కలూ వంగి ఊదుకుంటూ పోవాలి. తెల్లవారేసరికి పై దుప్పటి పిండితే నీళ్లు కారేంత మంచు. గెస్టులకు ముందే చెప్పినా సరే, ఎవరో పక్క మీద నీళ్లు పోశారని గొడవ చేసేవాళ్లు. ఒకాయన పడుకున్న గంటకే దిండు చంకలో పెట్టుకుని లోపలికి వచ్చి, సముద్రం చప్పుడు కొంచెం తగ్గించగలరా అని అడిగాడు. నవ్వకూడదు. "చూస్తాను సర్" అనాలి.

మరి మేమెక్కడ పడుకుంటాం? నీటిమట్టానికి కింద. కిటికీ లేని గది, ఒకదాని మీద ఒకటి రెండు మంచాలు. నా మంచంలో తిన్నగా కూర్చుంటే తల పై మంచానికి తగిలేది. పగలో రాత్రో ఫోను చూస్తేనే తెలిసేది. పనివాళ్లు డెక్ మీద పడుకోకూడదు, అది రూలు. తొమ్మిదేళ్లలో నేనక్కడ ఒక్క రాత్రి కూడా పడుకోలేదు.

అమ్మ మాత్రం నేనూ అక్కడే పడుకుంటాననుకుంది. కాదని నేను చెప్పలేదు.

"దోమలున్నయా బిడ్డా?"

"లేవమ్మా."

"మరింకేంది. మంచిగ పండుకో."

ఇంత చిన్న విషయంలో నోరు తెరవని మనిషి పెద్ద విషయంలో తెరుస్తుందా? అప్పుడు నన్నెవరైనా ఇలా అడిగి ఉంటే బాగుండేది.

లూర్దు మేడమ్

నా సూపర్‌వైజరు లూర్దు మేడమ్ గోవా ఆవిడ. నాకు పని నేర్పింది ఆవిడే. పక్క వేసిన వెంటనే బూట్లు విప్పి అందులో ఒక్క నిమిషం పడుకోమనేది. కళ్లు తెరుచుకునే. "నువ్వు పడుకుని చూడకుండా ఇంకొకరికి ఎట్లా ఇస్తావు?" అనేది హిందీలో. నిజమే. పడుకుంటేనే తెలుస్తుంది, ఆ మూల దీపం సరిగ్గా కళ్లలో కొడుతుందని, జెండా కర్రకు తాడు తగిలి టక్ టక్ మంటుందని. నిలబడి చూస్తే ఇవేవీ తెలియవు. నేను మీ చేత కూడా అదే చేయిస్తున్నాను కదా, క్లాసులో మీరు నవ్వుతారు. అది ఆవిడ నేర్పిందే.

ఆవిడకు ఇంకో గుణం ఉండేది. తన కింద పనిచేసే వాళ్ల మీద ఒక్క మాట పడనిచ్చేది కాదు. ఏ గెస్టు మా మీద ఫిర్యాదు చేసినా అడ్డం నిలబడేది. చాలా ఏళ్లు దాన్ని మంచితనం అనుకున్నాను.

అప్పారావు అన్న

డెక్ కడిగే పని అప్పారావు అన్నది. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై దాటినవాడు. ఆయనకు ఇంగ్లిష్‌లో వచ్చినవి మూడే మాటలు: ఎస్ సర్, నో సర్, ఫినిష్ సర్. మా డెక్ మీద తెలుగువాళ్లం మేమిద్దరమే. రోజంతా దాచుకున్న మాటలన్నీ నేను పక్కలు వేసే టైముకు నా దగ్గర దింపేవాడు.

"ఏటి పాపా, తిన్నావేటి?"

"తిన్ననన్నా. నువ్వు తిన్నవా?"

"మీ అయిద్రాబాదోల్ల మాట వింటంటే ఎనకాల ఎవుడో తరుముతున్నట్టుంతాది."

"మీదేమో ఊయల ఊపినట్టుంటది అన్నా. వింటుంటే నిద్రొస్తది."

"అయితే నా మాటే పరుసుకుని తొంగో. ఈ పరుపులు దేనికి!"

ఆయనకు తన పనంటే గర్వం. పైపుతో కడిగాక కుళాయి కట్టేస్తాడు. పైపును చుట్టలు చుట్టి తగిలిస్తాడు. మూతిని గుడ్డతో తుడుస్తాడు. పోయినవాడు మళ్లీ వెనక్కి వచ్చి కుళాయి మీద ఇంకోసారి చెయ్యి వేస్తాడు. "ఓడ మీద నీల్లంటే మన పెరట్లో నీల్లు కాదమ్మా" అనేవాడు. ఒకసారి నన్ను కూర్చోబెట్టి చెక్కల మీద వేలు రాసి చూపించాడు. వేలు జిడ్డుగా మెరిసింది. గెస్టులు పగలంతా ఎండలో పడుకుని ఒంటికి నూనెలు పూసుకుంటారు. ఆ నూనె చెక్కల్లోకి ఇంకుతుంది.

"తెల్లారగట్ల సబ్బేసి తోమీసి, నీల్లు గుంజీసి ఆరబెట్టాల. మజ్జిలో ఉత్త నీల్లు పడ్డాయా, నూనె రాసిన దోసె పెనం మీద కాలెట్టినట్టే, జారిపోతాది. తెలిసిందా?"

తెలిసిందన్నాను. అన్న తన పని గొప్ప చెప్పుకుంటున్నాడులే అనుకున్నాను. పక్కవాళ్లు తమ పని గురించి చెప్పేది మనం గొప్పలనే అనుకుంటాం. మీరు అనుకోకండి.

నాలుగు బకెట్లు

అది నా మొదటి కాంట్రాక్టు, మూడో నెల. గల్ఫ్ వైపు తిరుగుతున్నాం. ఎనభైకి దగ్గర పడిన ఒకావిడ ఒంటరిగా వచ్చింది. పేరు రాయను. వరుసగా మూడు రాత్రులు డెక్ మీద పక్క రాయించుకుంది. ఆవిడకు చెప్పులు వేసుకునే అలవాటు లేదు. మొదటి సాయంత్రం పక్క చూసుకోవడానికి వచ్చి, నేల కాలుతుంటే చిన్నపిల్లలా ఒక్కో కాలు ఎత్తుతూ గెంతి, మంచం మీద కూలబడి నవ్వింది. "నీ పక్క బాగుంది, నేల మాత్రం పొయ్యి" అంది.

మంచివాళ్లు నవ్వితే నాకు ఆగదు. వాళ్లకు ఏదో ఒకటి చేసెయ్యాలి అనిపిస్తుంది. మరునాడు సాయంత్రం ఐదున్నరకు పైకి వెళ్తే నేల అలాగే కాలుతోంది. నాకు మా డాబా గుర్తొచ్చింది. ఎండాకాలం రోజూ ఆ టైముకు అమ్మా నేనూ బకెట్లతో నీళ్లు మోసుకెళ్లి డాబా మీద చల్లేవాళ్లం. నీళ్లు పడగానే చుర్రుమనేది, వేడి వాసన ముక్కుకు కొట్టేది. అరగంటలో మొత్తం ఆరిపోయి నేల చల్లగా అయ్యేది. అప్పుడు చాపలు, బొంతలు వేసేవాళ్లం. మా గల్లీలో అందరిళ్లలో అంతే. నీళ్లు చల్లకుండా పక్క వేస్తే మా వీపులు కాలిపోయేవి.

బార్ మూలలో ఐస్ బకెట్లు ఉన్నాయి. కరిగిన నీళ్లతో నాలుగు తెచ్చాను. మోకాళ్ల మీద కూర్చుని, అమ్మ చల్లినట్టే చేత్తో, ఆవిడ మంచం చుట్టూ గుండ్రంగా చల్లాను. నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను. ఓడ మీద మొదటిసారి నాదంటూ ఒక పని చేశాననిపించింది. అక్కడ ఎవరూ లేరు. గెస్టులు పడుకునే చోటు కాబట్టి కెమెరా కూడా పెట్టలేదు. బకెట్లు ఎక్కడివక్కడ పెట్టి, దుప్పట్ల కోసం కిందికి పోయాను. వచ్చేసరికి ఆరిపోతుందిలే అనుకున్నాను.

అక్కడి గాలి మన గాలి కాదు. తడిగుడ్డ మొహం మీద వేసినట్టుంటుంది. ఏదీ ఆరదు. మూడు నెలలుగా నా యూనిఫామ్ ఆరడానికి రెండు రోజులు పడుతోందని తెలుసు, మంచుకు దుప్పట్లు తడుస్తున్నాయని తెలుసు, అన్న నూనె గురించి చెప్పాడు. అన్నీ తెలిసి కూడా నేను ఉన్నది చిక్కడపల్లిలోనే.

దుప్పట్లు చేతుల నిండా పెట్టుకుని పైకి వచ్చేసరికి ఆవిడ నేల మీద ఉంది. ఒక కాలు కిందికి మడుచుకుపోయి ఉంది. అరవడం లేదు. తడిసిన అరచెయ్యి మొహం ముందు పెట్టుకుని చూసుకుంటోంది. నన్ను చూసి నవ్వబోయింది.

"ఇవాళ నేల చల్లగా ఉంది" అంది.

తుంటి ఎముక విరిగింది. తర్వాతి పోర్టులో స్ట్రెచర్ మీద దించారు. ఆ తర్వాత ఆవిడ నడిచిందో లేదో నాకు తెలియదు.

నేను తర్జుమా చేసిన మాటలు

మరునాడు పొద్దున సేఫ్టీ ఆఫీసరు పిలిపించాడు. నన్ను అనుమానించి కాదు. ముందురోజు సాయంత్రం నాలుగున్నరకు అప్పారావు అన్న మంచాలకు కొద్ది దూరంలో ఎవరో పారబోసిన ఐస్‌క్రీమ్ పైపుతో కడిగి, నీళ్లు గుంజేశాడు. నేల తడిగా ఉంది, పైపు వాడినవాడు ఆయన; కుళాయి సరిగ్గా కట్టక నీళ్లు కారాయని వాళ్ల అనుమానం. అన్నకు ఇంగ్లిష్ రాదు. అందుకని తెలుగు పిల్లను పిలిచారు.

చిన్న గది. టేబులుకు అవతల ఆఫీసరు, ఇవతల అన్న, పక్కన నేను. లూర్దు మేడమ్ గుమ్మంలో నిలబడింది. ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఆయనకు కాగితంలో రాయడానికి ఒక పేరు కావాలి, అంతే. ఆయన అడిగేది మాట మాట అన్నకు చెప్పాలి, అన్న చెప్పేది మాట మాట ఆయనకు చెప్పాలి.

"అన్నా, నల్లా మంచిగ కట్టేసినవా అని అడుగుతున్నడు."

"కట్టీసినాను."

"తర్వాత చెయ్యి పెట్టి చూసినవా అని."

"సూసినాను. రోజూ సూత్తాను, నీకు తెల్దేటి?"

"రోజూ సంగతి కాదంట అన్నా. నిన్న చూసినవా అని అడుగుతున్నడు."

అన్న తన కుడిచెయ్యి వంక చూసుకున్నాడు. దాన్ని ఒకసారి తిప్పినట్టు కదిపాడు, కుళాయి కట్టేసినట్టు.

"నిన్న... ఇంటికాడి నుంచి ఫోనొచ్చింది పాపా. పెద్దమ్మాయికి నొప్పులని. మనసంతా అక్కడే ఉండిపోనాది. కట్టీసినాననే అనుకుంతన్నాను. సెయ్యెట్టి సూసినానో లేదో... ఏమో. మర్సిపోయినానేమో."

ఆఫీసరు నా మొహం చూశాడు. "మర్చిపోయి ఉండొచ్చు అంటున్నాడు సర్" అని ఇంగ్లిష్‌లో చెప్పాను. ఆయన రాసుకున్నాడు.

నేను ఒక్క మాట కూడా తప్పు చెప్పలేదు. నా ఇంగ్లిష్ అంత బాగా వచ్చిన రోజు ఇంకొకటి లేదు. చెప్పాల్సిన ఒక్క ముక్క మాత్రం, ఆ నీళ్లు నేను చల్లాను సర్ అన్నది, చెప్పలేదు. అది ఎవరూ అడగలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

ఎందుకు చెప్పలేదంటే భయం. ఇంకేమీ కాదు. మూడు నెలలకే వెనక్కి పంపిస్తే, గల్లీ అంతా స్వీట్లు పంచిన అమ్మ ఏ మొహంతో తిరుగుతుంది? సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం రేపు చెబుదామనుకున్నాను. నాలుగో రోజు ఇంకో పోర్టు వచ్చింది. అన్నను దింపేస్తున్నారు. బ్యాగు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"మనవరాలంట పాపా."

"అవునా అన్నా."

"ఆ ముసలమ్మ సంగతి ఏటైనా తెలిస్తే సెప్పమ్మా. నా సేతుల్తో ఒకరి కాలిరిగిపోనాది."

"నీ తప్పేం లేదన్నా." ఆ ఒక్క మాట అనగలిగాను.

"నువ్వు మంచిదానివి. అలగే అంతావు" అని తల మీద చెయ్యి వేసి మెట్లు దిగిపోయాడు.

తర్వాత

ఆ కాంట్రాక్టు అయిపోయే రోజు లూర్దు మేడమ్ నన్ను దుప్పట్లు పెట్టే లినెన్ రూములో కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ అంది: "పైపు నీళ్లయితే వాలు వైపు పారతాయి. ఆ రోజు మంచం చుట్టూ గుండ్రంగా తడి. చేత్తో చల్లినట్టు."

"మీకు తెలుసా మేడమ్? మరి ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నా మనిషివి. అతను డెక్ వాళ్ల మనిషి."

ఆ రోజు నేను ఏడ్చి ఆవిడ చేతులు పట్టుకున్నాను. అందుకు ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంటుంది. ఆవిడ నన్ను కాపాడింది, నిజమే. కానీ తనవాళ్లను మాత్రమే కాపాడే బాసు దగ్గర ఎవరో ఒకరు బయటివాళ్లుగా ఉండాల్సిందే. ఆసారి ఆ బయటివాడు అన్న. మీకు అలాంటి బాసు దొరికితే, అదృష్టం అనుకునే ముందు ఆ పక్క ఎవరున్నారో చూడండి.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు అలాగే డెక్ మీద పక్కలు వేశాను. ప్రతి సాయంత్రం బూటు విప్పి, మంచం చుట్టూ ఒక్కో చెక్క మీద మడమ ఆనించి చూసుకునేదాన్ని. గెస్టులు ఎంత శ్రద్ధో అని మెచ్చుకునేవాళ్లు. పక్క మీద ఒక్క నిమిషం పడుకునేటప్పుడు పైన అన్ని చుక్కలుండేవి. నేను దీపం ఎటు కొడుతోందో చూసి లేచిపోయేదాన్ని.

అన్నకు మళ్లీ ఏ ఓడలోనూ పని దొరకలేదని ఆ వైపు వాళ్లెవరో చెప్పారు. ఆయన కాగితంలో నిర్లక్ష్యం అని రాశారట. పలాస దగ్గర జీడి బట్టీలో చేరాడట. ఫోన్ నంబరు నా దగ్గర ఉండేది. ఏ పోర్టులో సిగ్నల్ దొరికినా తీసేదాన్ని, చూసేదాన్ని, మళ్లీ పెట్టేసేదాన్ని.

క్లాసులో ఒక ప్రశ్న

ఇంటికి వచ్చేసరికి మా డాబా కూడా లేదు. ఓనరు దాని మీద రేకుల రూములు వేసి, అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకునే పిల్లలకు కిరాయికి ఇచ్చాడు. నీళ్ల ట్యాంకు చుట్టూ నలుగురు నిలబడేంత జాగా మిగిలింది. పిల్లలు పుస్తకం పట్టుకుని ఆ కాస్త జాగాలోనే ఇటూ అటూ తిరుగుతూ చదువుకుంటారు. అమ్మ, నేను ఫ్యాను కింద పడుకుంటున్నాం.

పోయిన ఎండాకాలం క్లాసులో డెక్ పక్కల గురించి చెబుతున్నాను. కవాడిగూడ నుంచి వచ్చే కవిత చెయ్యెత్తింది. ఎప్పుడూ ముందు వరసలో కూర్చుని గబగబా అడిగేస్తుంది, నాలాగే.

"అక్కా, డెక్కు గంత కాలుతుంటే జర నీళ్లు చల్లితే అయిపాయె గదా?"

నాకేమైందో తెలియదు. "ఎవరు చెప్పిండ్రు నీకు? ఎవరు చెప్పిండ్రు?" అని అరిచాను. చేతిలో దిండు కవర్లు కిందపడ్డాయి.

ఆ పిల్ల బెదిరిపోయింది. "ఎవ్వరు చెప్పలే అక్కా... ఇంట్ల మా అమ్మ చేస్తది."

ప్రాక్టీసు మంచం మీద కూర్చుండిపోయాను. అక్కడే అంతా చెప్పాను, మీకు ఇప్పుడు రాసినట్టే. అయ్యాక వెనక నుంచి ఒకమ్మాయి "పోనీ తియ్ అక్కా, ఎన్నడో అయిపోయిన ముచ్చట" అంది. కవిత మాత్రం నా వంకే చూస్తోంది.

"గా అన్నకు ఎరుకేనా అక్కా?"

"లేదు."

"మరి మాకెందుకు చెప్తున్నవ్? ఆయనకు చెప్పాలె గదా."

కోపమొచ్చింది. ఇంటికి పోతుంటే దారంతా కోపంగానే ఉన్నాను. చిక్కడపల్లి మార్కెట్ దగ్గరికి వచ్చేసరికి ఆ కోపం కవిత మీద కాదని అర్థమైంది.

ముందు తేలికైన పని చేశాను. కంపెనీకి మెయిల్ రాశాను, నీళ్లు చల్లింది నేనని. కవితే ఇంగ్లిష్ దిద్దింది. మీ మెయిల్ అందింది అని జవాబు వచ్చింది. అంతకు మించి ఇప్పటిదాకా ఏమీ రాలేదు. మూడో రోజు సాయంత్రం పైకెక్కి, ట్యాంకు పక్కన కూర్చుని అన్నకు ఫోన్ చేశాను. నంబరు మారలేదు.

"ఎవులూ?"

"నేనన్నా. ఓడ మీద... చిక్కడపల్లి పిల్లను."

"ఒలమ్మా, పాపా! ఇన్నేల్లకి గుర్తొచ్చానేటి! ఇప్పుడూ ఎవుడో తరుముతున్నట్టే మాటాడతన్నావు!"

ఆయన అంత సంతోషంగా మాట్లాడుతుంటే నేను ఆపలేకపోయాను. అమ్మ ఎలా ఉందని అడిగాడు. ఇంకా ఓడ మీదే ఉన్నావా అని అడిగాడు. మనవరాలు నాలుగో తరగతని చెప్పాడు.

"దాని పుట్టినరోజొస్తే అందరూ పాయసం తాగుతారు. నాకు మాత్రం గొంతు దిగదు పాపా. ఆ ముసలమ్మే కనబడతాది. ఇంట్లో కొళాయి కట్టీసినాక నాలుగు మాట్లు లేచి సూత్తాను. మా యావిడ నవ్వుతాది, నీకు కొళాయి పిచ్చి పట్టింది అంతాది."

"అన్నా, ఒక్క మాట చెప్పాలె. మధ్యల ఆపకు."

చెప్పేశాను. ఆవిడ కాళ్లు కాలాయని, మా డాబా గుర్తొచ్చిందని, నాలుగు బకెట్లు అని, చేత్తో చల్లానని. ఆ గదిలో ఆయన మాటలు తర్జుమా చేస్తూ పక్కనే ఉండి కూడా చెప్పలేదని. ఇన్నేళ్లూ చెప్పలేదని. చెప్పి ఆగాను.

అవతల ఎక్కడో గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"పాపా."

"అన్నా."

"మరైతే... ఆ కొళాయి నాను కట్టీసినట్టే గదా?"

"కట్టేసినవ్ అన్నా. మంచిగ కట్టేసినవ్."

ఫోను పక్కన పెట్టినట్టున్నాడు. గొంతు దూరం నుంచి వినిపించింది, భార్యను పిలుస్తూ.

"ఒలే, ఇన్నావా? ఆ ఓడ మీద కొళాయి నాను కట్టీసినాను! కట్టీసినానే!"

ఆవిడ ఏమందో నాకు వినబడలేదు. ఆయన మళ్లీ ఫోన్ దగ్గరికి వచ్చాడు. ఊపిరి పీల్చి వదులుతున్నాడు. తిడితే బాగుండు అనుకున్నాను.

"ఇంక నాకెప్పుడూ ఫోన్ సెయ్యకమ్మా" అన్నాడు. గొంతులో కోపం లేదు.

సరే అన్నా, అన్నాను. మళ్లీ చెయ్యలేదు.